నోఎమియా దొరసాని పుట్టుక

నోఎమియా చుట్టల పెట్టె మూత మీద బొమ్మ మీరు చూసే ఉంటారు. తాటిచెట్ల నీడలో బంగారు కుర్చీ, కుర్చీలో మెడనిండా ముత్యాలతో ఒక దొరసాని, ఆవిడ కాళ్ళ దగ్గర సింహం. సింహం ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. మా దీవిలో మనిషిని పీక్కుతినే జంతువు దోమ ఒక్కటే. ఆవిడ స్పెయిన్ రాజుగారి మేనత్త అని కొందరు, ఫ్యాక్టరీ యజమాని చేజారిన ప్రేయసి అని కొందరు చెప్పుకుంటారు. మొన్న రేవు దగ్గర కాఫీ హోటల్లో ఒక పెద్దమనిషి ఆవిడ సమాధిని కళ్ళారా చూశానని, పూలు కూడా పెట్టి వచ్చానని చెప్పాడు. నేను అడ్డు చెప్పలేదు. పూలు పెట్టి వచ్చినవాడితో వాదించడం మర్యాద కాదు.

అసలు సంగతి నాకు తెలుసు. పంతొమ్మిది వందల ఇరవై ఆరులో హవానాను ఊపేసిన తుఫాను వచ్చిందే, దానికి ముందు ఏడాది మాట. అప్పుడు నేను దోన్ రుదెసిందో గారి ఫ్యాక్టరీలో చదువరిని. చుట్టేవాళ్ళు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా బల్లల ముందు కూర్చుని చుట్టలు చుడుతుంటే, నేను మంచె లాంటి ఎత్తు అరుగు మీద కుర్చీ వేసుకుని వాళ్ళకి పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల చదివి వినిపించేవాణ్ణి. నన్ను పెట్టుకున్నదీ పోషించేదీ చుట్టేవాళ్ళే. అందుకని యజమానికి నేను భయపడేవాణ్ణి కాదు, వాళ్ళకి మాత్రం భయపడేవాణ్ణి. చదివింది నచ్చితే నూటయాభై మందీ ఆకు కోసే రేకు కత్తులతో బల్లల మీద టకటకా కొట్టేవారు. నచ్చకపోతే కత్తిని నేల మీదికి జారవిడిచేవారు. ఒకసారి నేనే స్వయంగా రాసిన పద్యం ఒకటి చదివాను. ఆ కత్తుల చప్పుడు గురించి ఇక్కడ చెప్పను.

మొదటి వరుసలో మూడో బల్ల హెర్మెనెహిల్దోది. అందరికీ హిల్దో. నలభై ఏళ్ళుగా అదే బల్ల, అదే మౌనం. నోట్లో నాలుక లేని మనిషి. పక్క బల్ల ప్లాసిదోది. అతనికి హిల్దో నాలుక కూడా కలిపి రెండున్నట్టుండేవి. హిల్దోకి చెల్లెలి కూతురు ఒకతె ఉండేది. ఆ పిల్ల పుట్టిన రోజున క్యాలెండర్లో ఉన్న పునీతురాలి పేరే పెట్టారు కాబట్టి ఫ్రెదెస్‌వింద అయింది. అంత పేరూ పిలిచేలోగా కాఫీ చల్లారిపోతుందని అందరం వింద అనేవాళ్ళం.

వింద పని ఈనెల గదిలో. హాలుకి వెనక, గోడ అవతల, చెమ్మగా చీకటిగా ఉండే గదిలో ఆడవాళ్ళంతా కూర్చుని పొగాకు ఈనెలు తీసేవారు. నా చదువు గోడ దాటేసరికి సగం రాలిపోయేది. అందుకని పొద్దున గేటు దగ్గర వింద నన్ను పట్టుకునేది.

"మాస్టారూ, నిన్న డాక్టరు ఆ తలుపు తీశాడా? మాకు 'తలుపు' దాకానే వినబడింది."

తీశాడని, లోపల ఎవరున్నారో ఇప్పుడే చెప్పనని అనేవాణ్ణి. ఆ పిల్ల మొహం చూసి నాకు రోజంతా కడుపు నిండిపోయేది. ఒకరోజు అడక్కుండానే మనసులో మాట బయట పెట్టింది. హాల్లో బల్ల ముందు కూర్చోవాలని ఉందట. అక్కడైతే అన్నీ పూర్తిగా వినబడతాయి కదా అంది. ఇరవై ఏళ్ళు చదివాను, నా గొంతు కోసం గోడ దాటి వస్తానన్న మనిషి దొరికిందనుకున్నాను. కానీ మా ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు చుట్టలు చుట్టడం లేదు. ఎందుకు లేదంటే, ఎప్పుడూ లేదు కాబట్టి అనేవారు. పైగా ఒక బల్ల ఖాళీ అయితే తప్ప కొత్త మనిషి రాకూడదు, వచ్చే మనిషికి హాలంతా ఒప్పుకోవాలి. ఇది యజమాని పెట్టిన రూలు కాదు, చుట్టేవాళ్ళు పెట్టుకున్నది. అందుకే ఇంకా గట్టిది.

పని ముగిశాక ఒక్కొక్కరు తాము కాల్చుకోవడానికి రోజుకి మూడు చుట్టలు చుట్టుకోవచ్చు. అందరూ బల్ల దగ్గరే చుట్టుకుని జేబులో వేసుకునేవారు. హిల్దో మాత్రం ఆకుని తువ్వాల్లో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు. ఇంట్లో తీరిగ్గా చుట్టుకుంటానని చెప్పేవాడు. మర్నాడు అతని జేబులోంచి వచ్చే చుట్ట విచిత్రంగా ఉండేది. సన్నగా, పొడుగ్గా, తలకి మామూలుగా పెట్టే ఆకు టోపీ లేకుండా, చివర మెలితిరిగిన తోకతో ఉండేది.

"ఏరా హిల్దో, రాత్రి మీ ఇంట్లో పంది ఈనిందా?" అనేవాడు ప్లాసిదో.

హిల్దో నవ్వి అంటించుకునేవాడు. ఇలా మూడేళ్ళు గడిచాయి.

ఆ ఏడు హాంబర్గ్ నుంచి ఒక కొనుగోలుదారు వచ్చాడు. మనిషికంటే ముందు ముక్కు గదిలోకి వచ్చేది. దోన్ రుదెసిందో ఆయన ముందు పన్నెండు పెట్టెలు తెరిచి పెట్టాడు. మా ఫ్యాక్టరీ చుట్టల పేరు అప్పటికే దిగజారిపోతోంది. చేతులు బాగానే ఉన్నా, తొందరకి అలవాటుపడి లోపలి ఆకుల్ని పుస్తకంలా మడిచి బిగించేసేవారు. ఆ పెద్దమనిషి ఒక్కొక్కటీ అంటించడం, పక్కన పెట్టడం, అంటించడం, పక్కన పెట్టడం. చివరికి టోపీ తీసుకుని లేచాడు. వీధి గుమ్మం దగ్గర మధ్యాహ్నపు విరామంలో హిల్దో కూర్చుని తన పంది తోక చుట్ట కాలుస్తున్నాడు. ముక్కు ఆగింది. తరవాత మనిషి ఆగాడు. సైగ చేసి ఒకటి అడిగి తీసుకుని, ఎర్రటి ఎండలో నిలబడి మీసం అంటుకునేదాకా కాల్చాడు. లోపలికి తిరిగి వచ్చి, ఇవి ఐదు వందలు కావాలి, పది రోజుల్లో నా ఓడ, నచ్చితే ఏటా లక్ష తీసుకుంటాను అన్నాడు.

దోన్ రుదెసిందో హిల్దోని ఆఫీసుగదికి పిలిపించాడు. కొత్త చుట్ట, కొత్త పేరు, కొత్త బొమ్మ, ఆయనకి కళ్ళ ముందు అన్నీ తిరుగుతున్నాయి. ఇది ఎవరిదోయ్ అని అడిగాడు. హిల్దో అబద్ధం ఆడలేడు, నిజం పూర్తిగా చెప్పనూ లేడు. చెప్పుల కేసి చూస్తూ, "నాది కాదు" అని గొణిగాడు.

మా భాషలో ఆ మాట 'నో ఎస్ మియా'. కాని హవానాలో పుట్టినవాడెవడూ మాట మధ్యలో 'స'ని పూర్తిగా పలకడు. ఈ ఎండలో అంత శ్రమ ఎవడు పడతాడు? మింగేస్తాం. కాబట్టి హిల్దో నోట్లోంచి వచ్చింది 'నో ఎ మియా'. దోన్ రుదెసిందో స్పెయిన్ ఉత్తరపు కొండల నుంచి వచ్చినవాడు. ముప్ఫై ఏళ్ళు ఇక్కడున్నా ప్రతి 'స'నీ కొరికి మరీ పలుకుతాడు, ఎదుటివాళ్ళూ అలాగే పలుకుతారనుకుంటాడు. ఆయన చెవిన పడింది ఒక ఆడమనిషి పేరు.

"నోఎమియా" అన్నాడు కళ్ళు మూసుకుని. "ఎంత బాగుందోయ్. నీలో ఇంత సొగసుందని నేననుకోలేదు. ఉందా, పోయిందా?"

ఎవరు ఉన్నారో, ఏది పోయిందో హిల్దోకి అర్థం కాలేదు. ఏమోనండీ అన్నాడు. అది తీరని దుఃఖమని దోన్ రుదెసిందోకి అర్థమైంది. హిల్దో భుజం తట్టి, ఆ సాయంత్రమే రంగుల అచ్చాఫీసుకి మనిషిని పంపాడు.

హిల్దో బయటికి వచ్చి ఇదంతా నాకు చెప్పాడు. అందరూ నాకే చెప్పుకుంటారు, ఊరికే చదివేవాడికి పని తక్కువ కదా. నేను మెట్ల కింద కూర్చుని కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాను. హిల్దో నవ్వలేదు. చేతులు నా ముందు చాపాడు. వేళ్ళ కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. పొద్దున వేణ్ణీళ్ళలో ముంచుకుని వస్తే సాయంత్రం దాకా ఎలాగో లాక్కొస్తాయట, ఆ తరవాత మడత పడవట. సాయంత్రాలు ఆ మూడు చుట్టలూ చుట్టేది వింద. మూడేళ్ళ నుంచీ.

"ఎవరికీ చెప్పకండి మాస్టారూ. తెలిస్తే బల్ల తీసేస్తారు" అన్నాడు.

నాకు నవ్వు ఎటు పోయిందో తెలియదు. నవ్వినందుకు సిగ్గు కూడా వేసింది. ఆ ఐదు వందలూ వింద ఇంట్లోనే చుట్టవచ్చు కదా అన్నాను. మూడు చుట్టల ఆకు తువ్వాల్లో పోతుంది కాని, ఐదు వందల చుట్టల ఆకు గేటు దాటదు. అది నాలాంటివాడికే తట్టని విషయం.

హిల్దో తానే ప్రయత్నించాడు. మొదటి రోజు తోక మాట మరిచిపోయి అన్నిటికీ చక్కగా టోపీలు పెట్టేశాడు. నలభై ఏళ్ళ చేతులు, హిల్దోని అడక్కుండానే పని చేసేస్తాయి. మర్నాడు తోకలు పెట్టాడు. తోకలు బాగానే వచ్చాయి. హాంబర్గ్ ముక్కు ఒక్క దమ్ము లాగి, "ఇది కాదు" అంది. మూడో రోజూ అదే మాట. బిగువు ఎక్కువైంది, పొగ నడవడం లేదు. నొప్పి వేళ్ళకి ఎంత నొక్కుతున్నాయో తెలియడం లేదు. ఇంకో వారం కూడా లేదు ఓడకి.

వింద నా దగ్గరికి వచ్చింది. ఈసారి డాక్టరు సంగతి అడగలేదు.

"మామయ్యకి మీరైనా చెప్పండి మాస్టారూ. నేను చుడతాను. హాల్లోనే, బల్ల మీదే. ఇప్పుడు కాకపోతే నాకింకెప్పుడూ కాదు."

చెప్పాను. బల్ల ఖాళీ అయితేనే కదా ఆమెకి చోటు అన్న ముక్క కూడా చెప్పాల్సి వచ్చింది. అది హిల్దోకి తెలియక కాదు. ఒక పూటంతా ఆలోచించి, తాను నోటితో చెప్పలేనని, నన్ను రాసి చదవమని అడిగాడు. నేను కలం తీసి, ఓ శ్రమజీవులారా అని మొదలుపెట్టి, ఒక పేజీ నింపాను. హిల్దో విని, అందులో నాలుగు వాక్యాలు ఉంచి మిగతావి కొట్టేయమన్నాడు. నా వాక్యాల పట్ల అంత నిర్దయగా ఎవరూ ప్రవర్తించలేదు.

మర్నాడు నవలలో హంతకుడు కిటికీ ఎక్కుతున్న చోట ఆపేశాను. హాలు గొణిగింది. కాగితం తీసి చదివాను. ఆ తోక చుట్ట నాది కాదు. నా మేనకోడలు వింద చుట్టింది. నా వేళ్ళు మూడేళ్ళుగా సరిగా పని చెయ్యడం లేదు. నా బల్ల ఆమెకి ఇమ్మని అడుగుతున్నాను, ఇట్లు హిల్దో.

అప్పుడు ఒక కత్తి నేల మీద పడింది. ప్లాసిదోది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను. అతను పెద్ద పొట్ట వేసుకుని లేచి హిల్దో ముందు నిలబడ్డాడు.

"ముప్ఫై ఏళ్ళు నీ పక్కన కూర్చున్నాన్రా. వేళ్ళు పోతుంటే నాకు ఒక్క ముక్క చెప్పలేదేం?"

హిల్దో ఏదో గొణిగాడు, 'స'లన్నీ మింగేసి. ప్లాసిదో వంగి కత్తి తీసుకున్నాడు. అంత పొట్టతో అది చిన్న పని కాదు. పిల్లని పిలవండి, చూద్దాం అన్నాడు.

వింద తడి ఆప్రాన్‌తో వచ్చింది. నూటయాభై మంది మగవాళ్ళు లేచి బల్ల చుట్టూ మూగారు. వెనకవాళ్ళు పీటలెక్కారు. ఆమె ఎవరి కేసీ చూడకుండా కూర్చుని, హిల్దో కత్తి అందుకుంది. ఆకుని అరచేతి వెనక వైపు వేసుకుని తడి చూసింది. అది ఈనెల గది అలవాటు, మావాళ్ళెవరికీ లేదు. లోపలి ఆకుల్ని మడవకుండా ఒక్కొక్కదాన్నీ విడివిడిగా చిన్న గొట్టంలా చుట్టి దగ్గరకి చేర్చింది, గాలి ఆడడానికి. పై ఆకు చుట్టి, చివర రెండు వేళ్ళతో మెలిపెట్టి వదిలింది.

"టోపీ ఏదమ్మాయ్?" అన్నాడు ప్లాసిదో.

"రాదు బాబాయ్. టోపీ పెట్టేటప్పుడు మీరంతా బల్ల మీదికి వంగిపోతారు. తలుపు సందులోంచి చూస్తే వీపులే కనబడతాయి. వీపుల మీంచి ఎంత నేర్చుకోవచ్చో అంతే నేర్చుకున్నాను."

"మరి ఈ తోక?"

"అమ్మ వేరుశనగ పొట్లాలు అమ్మేది. మూతి మెలిపెట్టడం అయిదేళ్ళప్పుడే వచ్చు."

నవ్వులు లేచాయి. ఇప్పుడు హాంబర్గ్‌లో కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు ఆ తోక వల్లే చుట్టకి రుచి వచ్చిందని, దాన్ని పళ్ళతో తెంపాలా వేళ్ళతో తెంపాలా అని వాదించుకుంటారట. వాదించుకోనివ్వండి.

ప్లాసిదో ఆ చుట్ట అంటించాడు. ఒక మనిషి పొగతాగుతుంటే నూటయాభై మంది నిలబడి చూడడమంత తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు. అయినా ఒక్కడూ కదలలేదు. వింద రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. బూడిద బొటనవేలంత పొడుగు పెరిగింది, రాలలేదు.

"హిల్దో, ఇది నీకంటే బాగా చుడుతుంది" అన్నాడు ప్లాసిదో చివరికి. "నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే" అన్నాడు హిల్దో. అంత స్పష్టంగా అతను మాట్లాడగా నేను వినలేదు. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి, మొహంలో మాత్రం గర్వం పట్టడం లేదు.

ప్లాసిదో కత్తితో బల్ల మీద కొట్టాడు. తరవాత పక్కవాడు, తరవాత హాలంతా. అంత మోత నా చదువుకి ఒక్కనాడూ రాలేదు. నిజం చెప్పాలంటే కొంచెం కుళ్ళుకున్నాను.

ఆ మోతకి సమ్మె అనుకుని దోన్ రుదెసిందో పరుగెత్తుకొచ్చాడు. చేతిలో అప్పుడే అచ్చాఫీసు నుంచి వచ్చిన చుట్టలకి తొడిగే కాగితపు ఉంగరాలున్నాయి. ఉంగరం మీద బంగారు అక్షరాల్లో నోఎమియా, పక్కన దొరసాని. ఎవడో నోఎమియా ఎవరండీ అని అడిగాడు. హిల్దోని అడగండి అన్నాడాయన. హిల్దో నా కేసి చూశాడు. నేనే చెప్పాను, ఒక్కో అక్షరం విప్పి. ముందు వరుసలో నవ్వు మొదలై వెనక్కి పాకింది. దోన్ రుదెసిందో ఉంగరాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, తన ప్రియమైన దొరసాని 'నాది కాదు'గా మారిపోవడం చూస్తూ నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. అచ్చయిపోయాయి కాబట్టి పేరు ఇదేనని, ఈ సంగతి బయట ఎవరు చెప్పినా ఊరుకోనని అన్నాడు. ఇన్నేళ్ళు ఊరుకున్నాను. పాపం ఆయన లేడిప్పుడు.

మూడో బల్ల ముందు కూర్చున్న విందని అప్పుడు గమనించాడు, తోక చుట్ట ఎవరిదో అర్థమైంది. సరే, ఓడ వెళ్ళేదాకా ఉండమనండి, తరవాత మళ్ళీ ఈనెల గదికే అన్నాడు. నూటయాభై కత్తులు బల్లల అంచులకి జరిగి, నేల మీదికి జారడానికి సిద్ధంగా ఆగాయి. ఆయన వాటిని చూశాడు, ఉంగరాలని చూశాడు, ఓడని తలుచుకున్నాడు.

"సరే, ఉండనీ" అన్నాడు.

హిల్దో ఈనెల గదికి మారాడు. వేళ్ళు బాగా వంగకపోయినా ఈనె లాగవచ్చు. అక్కడి ఆడవాళ్ళు అతనికి అన్నిటికంటే పొట్టి పీట ఇచ్చి, పెద్దాయనకి ఆకేదో ఈనేదో తెలియడం లేదని మొదటి పూటే ఏడిపించారట. ఓడకి ఐదు వందలూ అందాయి. వింద చుట్టినవే, అన్నీ తోకలతో.

కాని నేను చెప్పాలనుకున్నది ఆమె మొదటి రోజు సంగతి. ఆ పొద్దున నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. గోడ అవతల మూడేళ్ళు చెవి ఒగ్గిన పిల్ల ఇవాళ ఎదురుగా కూర్చుంటుంది. నవలలో అన్నిటికంటే గొప్ప అధ్యాయం ఆ రోజుకి వచ్చేలా ముందునుంచే లెక్క చూసుకున్నాను. హంతకుడికి బొంగురు గొంతు, డాక్టరుకి ముక్కు గొంతు, వితంతువుకి మాత్రం నా సొంత గొంతే కొంచెం సన్నం చేసి ఇచ్చాను. వితంతువు ఏడ్చే చోట నేనూ నిజంగా ఏడ్చాను. హాలు టకటకలాడిపోయింది. మూడో బల్ల కేసి చూశాను. తల వంచుకుని ఉంది. కళ్ళనీళ్ళు దాచుకుంటోంది కాబోలనుకున్నాను.

విరామానికి గంట కొట్టగానే అరుగు దిగి నేరుగా వెళ్ళాను.

"ఎలా ఉందమ్మా?" అన్నాను.

"ఏది మాస్టారూ?"

"అదే, ఇందాక చదివింది."

వింద తలెత్తి చూసింది. చేతిలో సగం చుట్టిన చుట్ట అలాగే ఉంది. ముక్కు మీద పొగాకు మరక. అబద్ధం చెప్పాలని కాసేపు నిజంగానే ప్రయత్నించింది, చేతకాలేదు.

"ఇవాళ చదివారా?" అంది.

ప్లాసిదో పొట్ట పట్టుకుని బల్ల మీద వాలిపోయాడు. నాకు కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా రాలేదు. వింద మాత్రం అప్పటికే తల వంచుకుని చుట్ట చివర మెలిపెడుతోంది.